హనుమకొండలో ఉండి నడపడానికి పోర్షే 911: ఏ తరం బండి కొనాలి?

పోర్షే 911 కొనాలనుకున్నవారు మొట్టమొదట అడిగేది అది ఎంత వేగం అందుకుంటుందని. వరంగల్, హనుమకొండ, కరీంనగర్ ప్రాంతాల్లో ఉంటూ, ఆ బండిని రేసు ట్రాక్ మీద కాకుండా రోడ్డు మీదనే నడపదలచినవారికి ఆ ప్రశ్న దాదాపు అక్కరలేనిది. 911లో మామూలు రకం పేరు కరేరా, దానికన్నా శక్తి ఎక్కువున్నది కరేరా ఎస్. 2009 నాటి కరేరా ఎస్ ఆటోమేటిక్ గేర్లతో నిలిచిన చోటు నుంచి గంటకు 100 కిలోమీటర్ల వేగాన్ని 4.5 సెకన్లలో అందుకుంటే, 2019 నాటి కరేరా ఎస్ అదే పనిని 3.7 సెకన్లలో చేస్తుంది. మధ్యలో డివైడర్ ఉన్న నాలుగు వరుసల రహదారి మీద కార్లకు కేంద్రం నిర్ణయించిన గరిష్ఠ వేగం గంటకు 100 కిలోమీటర్లు; అంటే రెండు బండ్లూ ఇంకా కింది గేర్లలో ఉండగానే చట్టం గీసిన గీత దగ్గరికి వచ్చేస్తాయి. పదేళ్లలో తగ్గిన ఆ 0.8 సెకను మనకు ఎక్కడా అక్కరకు రాదు. అడగవలసినవి వేరే రెండు ప్రశ్నలు ఉన్నాయి. గంటకు 50 నుంచి 100 కిలోమీటర్ల మధ్య ఆ బండి నడిపేవారికి ఏమిస్తుంది? మన రోడ్లు ఆ బండిని ఏం చేస్తాయి?

కొత్త బండి సంగతి ముందే చెప్పి పక్కన పెడతాను. 2024లో ఇప్పటి కరేరాను మన దేశంలో ప్రకటించినప్పుడు ఎక్స్‌షోరూమ్ ధర దాదాపు 2 కోట్ల రూపాయలు; దాని మీద లైఫ్ ట్యాక్సు, బీమా అదనం. అంత పెట్టగలవారికి సలహాతో పని తక్కువ. మిగిలినవారు చూసేది సెకండ్ హ్యాండ్ బండ్లనే. విదేశాల్లో వాడిన కార్లను మూడేళ్లు దాటితే మామూలుగా దిగుమతి చేసుకోనివ్వరు కనుక, ఇక్కడ దొరికేవన్నీ దాదాపుగా ఇక్కడే కొత్తగా అమ్ముడుపోయినవి. సంఖ్య తక్కువ, ఎంపిక ఇంకా తక్కువ. వాటిని కంపెనీ లోపలి నంబర్లతో పిలవడం అలవాటు: 2004 నుంచి 2012 వరకు 997, 2011 నుంచి 2019 వరకు 991, ఆ తరువాతది 992. వరుస తప్పినట్టు కనబడినా 997 తరువాత వచ్చినదే 991. ప్రతి తరానికీ మధ్యలో ఒక పెద్ద మార్పు ఉంది కనుక మొదటి భాగం, రెండో భాగం అని విడదీసి చూడాలి. మన ఎంపికను తేల్చేది చాలావరకు ఈ విభజనే.

డాలస్‌లో పన్నెండేళ్లు ఉద్యోగం చేసి తిరిగి వచ్చిన మా మేనల్లుడు ఈ వెతుకులాటలో నన్ను వెంట తీసుకుపోయాడు. అతని మనసులో ఉన్నవి అమెరికా రోడ్లు. నా మనసులో ఉన్నది 163వ నంబరు జాతీయ రహదారి. హనుమకొండ నుంచి హైదరాబాదు దాకా అది నాలుగు వరుసలుగా, కొమళ్ల, గూడూరు టోల్‌గేట్లు దాటుకుంటూ మూడు గంటల లోపు ప్రయాణంగా సాగుతుంది. ఆ మేరకు ఏ తరం 911 అయినా హాయిగా పోతుంది. అదే రహదారి మీద తూర్పుకు తిరిగి ములుగు వైపు, అక్కడి నుంచి రామప్పకో లక్నవరానికో పోతే అసలు పరీక్ష మొదలవుతుంది. ఊరూరికీ స్పీడ్ బ్రేకర్లు, కొన్నిటికి తెల్ల గీతలు కూడా ఉండవు. వానాకాలం పంట, యాసంగి పంట చేతికొచ్చే నెలల్లో రోడ్డులో సగం మీద వడ్లు ఆరబోస్తారు. కుప్ప చెదరకుండా అంచున పెట్టిన రాళ్లు ట్రాక్టర్‌కు ఒక లెక్క కాదు గానీ, నేలకు జానెడు ఎత్తు కూడా లేని 911 ముక్కుకు అవి గోడలాంటివి. ఈ దారిలో మధ్యాహ్నం పూట ఒకసారి పోయి వస్తే బండి ఎంపికలో సగం నిర్ణయం దానంతట అదే జరిగిపోతుంది.

997 మొదటి భాగం గురించి ఎక్కువ చెప్పను. 2008 వరకు వచ్చిన కరేరా, కరేరా ఎస్ ఇంజిన్లలో మధ్య షాఫ్టు బేరింగు అరిగి చెడిపోవడం, ముఖ్యంగా 3.8 లీటర్ల ఇంజిన్లో సిలిండర్ గోడలు గీసుకుపోవడం ప్రపంచమంతా తెలిసిన జబ్బులు. ఆ రెండూ లేవని ఇంజిన్ లోపలికి కెమెరా గొట్టం పంపి చూపించగలిగితేనే ఆలోచించాలి. ఇంజిన్ విప్పవలసి వస్తే బండిని కనీసం హైదరాబాదు దాకా లారీ మీద పంపాల్సిన ఊళ్లో ఉంటూ, అలాంటి జూదం ఆడమని నేను ఎవరికీ చెప్పలేను.

997 రెండో భాగం పూర్తిగా వేరే బండి. 2008 వేసవిలో వచ్చిన ఈ మార్పుతో పెట్రోలును నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే కొత్త ఇంజిన్ వచ్చింది. ఆ మధ్య షాఫ్టే అందులో లేదు కనుక దాని బేరింగు బెడదా లేదు. పాత ఐదు గేర్ల ఆటోమేటిక్ స్థానంలో రెండు క్లచ్‌లతో పనిచేసే ఏడు గేర్ల పీడీకే వచ్చింది. స్టీరింగు మాత్రం ఇంకా హైడ్రాలిక్ పద్ధతిదే, దీని విలువ కాగితం మీద అంకెల్లో కనబడదు. ముందు చక్రం కింద తారు గరుకుదనం మారినా, రోడ్డు అంచున ఇసుక తగిలినా, ఆ కబురు అరచేతికి అందుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతున్నా నడిపేవారికి పని ఉంటుంది, ఆ పనిలో సంతోషం ఉంటుంది. మేనల్లుడు ఈ బండి దిగి చాలాసేపు మాట్లాడలేదు. తరువాత నడిపిన కొత్త బండ్లన్నిటి గురించీ ధారాళంగా మాట్లాడాడు. ఆ తేడాను నేను మనసులో పెట్టుకున్నాను.

అంకెల్లో చెప్పగలిగిన మేలు కూడా ఒకటి ఉంది, దాన్ని అమ్మేవారు ఎప్పుడూ చెప్పరు. ఈ 997లోని 3.6 లీటర్ల మామూలు కరేరా ఇంజిన్ 345 హార్స్‌పవర్లు ఇస్తుంది. గరిష్ఠ టార్క్, అంటే చక్రాలను తిప్పే బలం, 390 న్యూటన్ మీటర్లు, అది నిమిషానికి 4,400 చుట్లకే అందుతుంది. తరువాత వచ్చిన 991 మొదటి భాగంలో మామూలు కరేరాకు 3.4 లీటర్ల ఇంజిన్ పెట్టారు. శక్తి 350కి పెరిగింది, టార్క్ అదే 390. కానీ అది 5,600 చుట్ల దగ్గర గాని అందదు. ఆ ఇంజిన్ అసలు కంఠం విప్పేది 7,000 చుట్లు దాటాక. రెండో గేరులో అన్ని చుట్లు తిప్పితే మనం 100 దాటి పోయి ఉంటాం. కాబట్టి ములుగు రోడ్డు మీద, జనగామ బైపాస్ మీద ఆ బండి తన గొంతులో సగమే వినిపిస్తుంది. ఎత్తైన వేగాల కోసం చేసిన ఇంజిన్‌ను ఎద్దుబండి వెనక నడపడం ఆ ఇంజిన్‌కూ మనకూ మేలు కాదు. టర్బో లేని చివరి మామూలు కరేరా కనుక 991 మొదటి భాగానికి సేకరించేవారిలో గిరాకీ ఉంది, ఆ గిరాకీని నేను కాదనను. మన రోడ్డుకు మాత్రం అది ఈ వరుసలో నాకు చివరి ఎంపిక. అందులోనే 400 హార్స్‌పవర్ల 3.8 లీటర్ల ఎస్ దొరికితే ఈ లోటు కొంత తీరుతుంది.

991లో చక్రాల మధ్య దూరం 10 సెంటీమీటర్లు పెరిగింది, స్టీరింగు విద్యుత్తుతో పనిచేసేదిగా మారింది. మొదటి మార్పు వల్ల బండి కుదుపు తగ్గి, దూర ప్రయాణంలో నడుముకు సుఖం పెరిగింది; రెండో మార్పు వల్ల చేతికి అందే కబురు సన్నబడింది. హైదరాబాదులో పని చూసుకుని రాత్రికి తిరిగి ఇంటికి చేరాలనుకునేవారికి ఈ బేరం లాభమే.

2015 చివరలో వచ్చిన 991 రెండో భాగం దగ్గర కాసేపు ఆగాలి. మామూలు కరేరాకు కూడా రెండు టర్బోలున్న 3 లీటర్ల ఇంజిన్ వచ్చింది. శక్తి 370 హార్స్‌పవర్లు, టార్క్ 450 న్యూటన్ మీటర్లు. మన కోణంలో ముఖ్యమైన విషయం ఏమిటంటే ఆ టార్క్ 1,700 చుట్ల నుంచే సిద్ధంగా ఉంటుంది. స్పీడ్ బ్రేకర్ దాటి, ముందున్న పత్తి లారీని దాటేయడానికి ఎదురుగా 200 మీటర్ల ఖాళీ దొరికినప్పుడు గేరు మార్చనక్కర్లేకుండానే బండి కదిలిపోతుంది. పాత ఇంజిన్ల పాట ఇందులో వినిపించదన్నది నిజం. టర్బోలు గొంతును మెత్తబరిచాయి. రోజువారీ రోడ్డు మీద మాత్రం ఇంత చేతికందే శక్తి ముందు తరాల మామూలు కరేరాల్లో లేదు.

ఈ భాగంలోనే కరేరాకు ఇంకొక సదుపాయం ఎంపికగా వచ్చింది: మీట నొక్కితే ఐదు సెకన్లలో ముందు భాగాన్ని 40 మిల్లీమీటర్లు పైకి లేపే హైడ్రాలిక్ లిఫ్టు. ఇది లేని బండి ఎంత తక్కువకు వచ్చినా నేను కొనవద్దంటాను, ఎందుకంటే ఈ భాగం నుంచి మామూలు కరేరాకు కూడా కంప్యూటర్ అదుపులో ఉండే డ్యాంపర్లు (కుదుపును అణిచే షాక్ అబ్జార్బర్లు) తప్పనిసరి అయ్యాయి, వాటితోపాటే బండి ఎత్తు 10 మిల్లీమీటర్లు తగ్గింది. స్పోర్ట్ సస్పెన్షన్ అని ఇంకా కిందికి దించినది ఎంపికల జాబితాలో కనిపిస్తే అది మనకు ఆకర్షణ కాదు, లోపం. 997 రెండో భాగంలో ఆ డ్యాంపర్లు లేని మామూలు కరేరా దొరికితే అది వాటన్నిటికన్నా కొంచెం ఎత్తులో నిలబడుతుంది. దానితో స్పీడ్ బ్రేకర్ ఎక్కేటప్పుడు ఏటవాలుగా, ఒక్కో చక్రాన్ని ఎక్కించుకుంటూ పోవడం అలవాటు చేసుకుంటే చాలావరకు గీతలు తప్పుతాయి. ములుగు దారిలో ఒక ఊరి బయట మేనల్లుడు నేరుగా ఎక్కించినప్పుడు వచ్చిన చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తుంది. అప్పటి నుంచి అతనికి ఏటవాలు పాఠం మళ్లీ చెప్పవలసిన అవసరం రాలేదు.

992 అన్ని విధాలా మెరుగైన యంత్రం, దాన్ని కాదనడానికి కారణాలు వెతకడం కష్టం. దాని మొదటి భాగంలో మామూలు కరేరా 385 హార్స్‌పవర్లు, ఎస్ 450, ఆటోమేటిక్ గేర్లు ఎనిమిది. చక్రాల గూళ్లలో అమర్చిన శబ్ద సెన్సర్లు టైరు చిమ్మే నీటి చప్పుడును బట్టి రోడ్డు తడిసిందని కనిపెట్టి హెచ్చరిస్తాయి. అప్పుడు వెట్ మోడ్ పెట్టుకుంటే యాక్సిలరేటర్, బ్రేకు, పట్టు అన్నీ జాగ్రత్తగా మారతాయి. జులైలో పది నిమిషాల వానకే నీళ్లు నిలిచే చోట్లు ఎన్నో ఉన్న మనకు ఇది నిజంగా పనికొచ్చే గుణం. 2021 మోడల్ నుంచి ముందు లిఫ్టుకు జ్ఞాపకశక్తి కూడా ఇచ్చారు. ఒక చోట లేపితే ఆ స్థలాన్ని జీపీఎస్‌తో గుర్తుపెట్టుకుని మరోసారి తానే లేస్తుంది. మన దగ్గర రాత్రికి రాత్రి పుట్టే స్పీడ్ బ్రేకర్ల సంగతి ఆ ఇంజినీర్లకు ఎవరు చెప్పాలో తెలియదు గానీ, ఇంటి గేటు ముందరి వాలుకు మాత్రం అది బాగా పనిచేస్తుంది.

ఇన్ని ఉన్నా నా అభ్యంతరం రెండు విషయాల్లో. మొదటిది వెడల్పు: 997, 991 వెనక చక్రాలకే తిరిగే కరేరాల వెడల్పు 1,808 మిల్లీమీటర్లయితే 992 కరేరాలన్నీ 1,852 మిల్లీమీటర్లు. నాలుగున్నర సెంటీమీటర్లు ఏపాటి అనిపిస్తుంది. హనుమకొండ చౌరస్తాలో రెండు ఆటోల మధ్య నిలబడితే ఏపాటో తెలుస్తుంది. రెండోది, ఈ బండి సంతోషం పుట్టే వేగం. 997లో 70 దగ్గర కలిగే ఉత్సాహం 992లో 130 దగ్గర గాని మొదలు కాదు. అంతవరకు అది మంచి మర్యాదస్తుడైన పెద్ద కారులా నిశ్శబ్దంగా పోతుంది. ఆ వేగం మన రోడ్ల మీద చట్టవిరుద్ధమే కాదు, గేదెలు ఎప్పుడు అడ్డం వస్తాయో తెలియని చోట పాపం కూడా.

చక్రాల విషయంలో తరం కన్నా మోడల్ ముఖ్యం. ఎస్ బ్యాడ్జి కోసం అందరూ ఎగబడతారు, దానితో పెద్ద చక్రాలు వస్తాయి. 992 ఎస్‌కు ముందు 20, వెనక 21 అంగుళాలు. మామూలు కరేరాకు 19, 20. 991 మామూలు కరేరాకు 19, 997 మామూలు కరేరాకు 18. రిమ్ము ఒక అంగుళం తగ్గితే టైరు గోడ కొంత ఎత్తు పెరుగుతుంది, గుంతలో పడ్డప్పుడు రిమ్ము వంగే ప్రమాదం తగ్గుతుంది. స్టెప్నీ బదులు పంక్చర్ ద్రవం, గాలిపంపు మాత్రమే ఉండే బండిలో, ఏటూరునాగారం అడవి మధ్య, రాత్రి పూట, టైరు గోడ చీలితే చేయగలిగేది ఏమీ ఉండదు. అందుకే నా సలహా ఏ తరంలోనైనా ఎస్ కాదు, మామూలు కరేరా. తక్కువ తిరిగిన బండి అని మురిసిపోయి టైర్ల వయసు చూడకపోవడం ఇంకొక తప్పు. టైరు పక్కన నాలుగంకెల ముద్రలో మొదటి రెండు వారాన్ని, చివరి రెండు సంవత్సరాన్ని చెబుతాయి. ఆరేళ్లు దాటితే గాళ్లు ఎంత లోతుగా ఉన్నా మార్చాలి, అదీ కంపెనీ ఆమోదించిన 'ఎన్' గుర్తున్న టైర్లతోనే. ఏనుగును కొని అంకుశానికి బేరమాడకూడదు.

ఎండ, దుమ్ము, పత్తి కలిసి చేసే నష్టం గురించి బయటి నగరాల్లో బండి వాడినవారికి తెలియదు. ఇంజిన్ వెనక ఉన్నా దాన్ని చల్లబరిచే రేడియేటర్లు ముందు బంపర్ పక్కల గాలి ద్వారాల వెనక ఉంటాయి. వాటి ముందు ఏసీ కండెన్సర్లు. ఆ రెండిటి మధ్య చెత్త చేరి, తడిసి, లోహాన్ని తినేయడం ఈ బండ్లలో పాత ఫిర్యాదే. ఎనుమాముల మార్కెట్‌కు పత్తి వచ్చే కాలంలో లారీల వెనక ఎగిరే దూది, కోతల కాలంలో వడ్ల పొట్టు అక్కడికే చేరతాయి. ఏడాదికి ఒకసారి, వీలైతే వేసవికి ముందే, బంపర్ విప్పించి శుభ్రం చేయించాలి. 44 డిగ్రీల మే నెలలో ఈ పని చేయని బండి ఏసీ ముందు చేతులెత్తేస్తుంది, తరువాత ఇంజిన్ వేడి ముల్లు కదులుతుంది. 997 వయసు బండ్లలో నీటి పంపు, రబ్బరు గొట్టాలు, సస్పెన్షన్ బుష్‌లు (కీళ్లలోని రబ్బరు తొడుగులు) కూడా ఎండకు గట్టిపడి ఉంటాయి కనుక వాటి ఖర్చును కొనే ధరలోనే కలిపి లెక్కవేసుకోవాలి. 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వచ్చాక ఇంకొక జాగ్రత్త కావాలి: 997 తయారైన నాడు ఆ పెట్రోలు లెక్కలో లేదు, ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, ట్యాంకు నింపి నెలల తరబడి షెడ్డులో నిలబెట్టకూడదు.

కాగితాల విషయం క్లుప్తంగా. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది, ఆ తరువాత ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్లకొకసారి పొడిగించుకోవాలి, హరిత పన్ను కట్టాలి. 2010లో రిజిస్టరైన 997కు ఆ గడువు 2025లోనే ముగిసింది. ఢిల్లీ ప్రాంతంలో 15 ఏళ్లు దాటే పెట్రోలు బండ్ల మీద పెట్టిన ఆంక్షలకు జంకి అక్కడివారు చాలామంది చవకగా అమ్మారు. ఆ చవక చూసి తొందరపడేముందు ఎన్‌వోసీ, ఇక్కడ కట్టవలసిన లైఫ్ ట్యాక్సు, టీజీ నంబరుకు మారడానికి పట్టే కాలం లెక్కించాలి.

జీటీ3, టర్బో, 2024 తరువాతి హైబ్రిడ్ జీటీఎస్ గురించి అడిగేవారు తప్పక ఉంటారు. జీటీ3 ఇంకా కిందికి, ఇంకా గట్టిగా ఉండేది. ట్రాక్ లేని ఊళ్లో అది రోజూ శిక్ష. 541 హార్స్‌పవర్ల హైబ్రిడ్ అద్భుతమే గానీ, మనం పైన చెప్పుకున్న రెండు ప్రశ్నలకు అది కొత్త జవాబు ఇవ్వదు.

ఇక నా ఎంపిక. వారానికి ఒకసారి హైదరాబాదు, నెలకొకసారి రామప్ప వైపు, భార్యాబిడ్డలతో అప్పుడప్పుడు యాదగిరిగుట్ట పోయే మా మేనల్లుడి లాంటివారికి 991 రెండో భాగపు మామూలు కరేరా, ముందు లిఫ్టుతో, 19 అంగుళాల చక్రాలతో. వెనక సీట్లు పిల్లలకే సరిపోతాయి. ముందు డిక్కీలో రెండు సంచులు పడతాయి. మేడారానికి బంగారం మొక్కుకున్నవారు నిలువెత్తు బెల్లాన్ని వేరే బండిలో పంపాలి. ఇంట్లో ఇంకో కారు ఉండి, ఆదివారం తెల్లవారుజామున రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు ఒంటరిగా నడపడానికే కొంటున్నవారికి, పాత బండిని ఓపికగా చూసుకునే గుణం ఉన్నవారికి 997 రెండో భాగపు 3.6 కరేరా, మాన్యువల్ గేర్లది దొరికితే రెండోసారి ఆలోచించవద్దు. బండి చూసుకునే తీరిక బొత్తిగా లేనివారికి, వానలోనూ దూరాలు పోవలసినవారికి 992 మామూలు కరేరా. ఏది కొన్నా ఇంజిన్ ఎన్నిసార్లు హద్దు మించి తిరిగిందో శ్రేణులవారీగా చూపే కంప్యూటర్ రిపోర్టు తీయించకుండా బయానా ఇవ్వవద్దు.

నడిపి చూపిస్తామంటూ అమ్మేవారు మిమ్మల్ని గంటకు 120 కిలోమీటర్లు అనుమతించే ఔటర్ రింగ్ రోడ్డు మీదికి తీసుకుపోతారు. అక్కడ అన్ని 911లూ ఒకేలా బాగుంటాయి. మీరు సర్వీసు రోడ్డులోకి దిగి, పాటలు ఆపించి, అద్దాలు దించి, 40 వేగంతో పాడైన తారు మీద రెండు కిలోమీటర్లు నడపండి. ముందు చక్రాల దగ్గర టక్‌మని చప్పుడు వస్తే ఆ బుష్‌ల ధర ఎంతో అప్పుడే అడగండి.